రాళ్ళ అడవిలో మౌంటెన్ సైకిల్ లూప్: అనంతగిరి దారుల కోసం మొదటి నుంచి చివరి దాకా

అనంతగిరికి సైకిళ్ళు తీసుకెళ్ళి వచ్చినవాళ్ళు తరచూ ఒకటే అడుగుతున్నారు. "మట్టి రోడ్డు మీద బాగానే తొక్కుతాం, రాళ్ళు మొదలవగానే కాలు కింద పెట్టేస్తున్నాం. తప్పు ఎక్కడ జరుగుతోంది?" చాలామందికి బలం సరిపోతుంది. సిద్ధం కావడంలో, చేసే వరసలో తేడా వస్తోంది. ఒక్క మాట మాత్రం ముందే గుర్తు పెట్టుకోండి: రాళ్ళ మీద మీ బరువు పాదాల మీద ఉండాలి, చేతులు తేలిగ్గా ఉండాలి. కింద రాసిన ప్రతి అంచె చివరికి ఈ పనికోసమే.

ఇది హైదరాబాద్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. అక్కడి నేల ఎర్రమట్టి, మొరం, అందులోంచి పైకి తేలిన రాళ్ళు. పైన టేకాకులు పరుచుకుని ఉంటాయి. ఇలాంటి అడవి మీ ఊరి దగ్గర ఉన్నా పద్ధతి ఇదే.

1. కాలం, అనుమతి, తోడు

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి సమయం. వానాకాలంలో రాళ్ళ మీద పాచి పడుతుంది, చూడటానికి పొడిగా కనిపించిన బండ కూడా జారుతుంది. ఫిబ్రవరి దాటాక ఇంకో ఇబ్బంది ఉంది. ఎండుటాకులు గుంటల్ని, రాళ్ళని పూర్తిగా కప్పేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండదెబ్బ, అడవిలో మంటలు రెండూ ప్రమాదమే. ఆ రెండు నెలలూ వదిలేయండి.

ఇది రిజర్వ్ ఫారెస్టు. ఏ దారిలో తొక్కవచ్చో, ఏ దారి మూసి ఉందో వెళ్ళే ముందు అటవీ శాఖ వాళ్ళని అడిగి తెలుసుకోండి. మనిషి కాలిబాట కనిపించినంత మాత్రాన అది సైకిల్ దారి అయిపోదు. గుడికి వెళ్ళే భక్తులు, పశువుల్ని మేపుకునేవాళ్ళు, కట్టెలకు వచ్చే ఆడవాళ్ళు అదే బాటలో ఉంటారు. మలుపుకు ముందే బెల్ కొట్టండి. వాళ్ళు కనిపిస్తే సైకిల్ ఆపి దారి ఇవ్వండి.

మొదటి నాలుగైదు సార్లు ఒంటరిగా వెళ్ళకండి. ముగ్గురు ఉంటే మంచిది. ఒకరికి దెబ్బ తగిలితే ఇంకొకరు పక్కనుంటారు, మూడోవాళ్ళు సిగ్నల్ దొరికే చోటికి వెళ్తారు. ఇంట్లోవాళ్ళకి ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారో చెప్పి బయల్దేరండి.

2. సైకిల్ సిద్ధం చేయడం: ముందు టైర్లు

రాళ్ళ దారికి పనికొచ్చే మార్పుల్లో చాలా వరకు టైరు గాలిలోనే ఉంది. రోడ్డు మీద తొక్కే గాలితో అడవికి వెళ్తే టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

70 కిలోల మనిషి, 2.3 అంగుళాల టైరు అనుకుంటే ఇక్కడ మొదలుపెట్టండి:

- ట్యూబ్‌లెస్ అయితే ముందు చక్రానికి 23 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక్కి 26.
- ట్యూబు ఉంటే ముందు 28, వెనక 30. 26 కంటే కిందికి వెళ్ళకండి.
- బరువు ఎక్కువున్నవాళ్ళు 5 కిలోలకి ఒక పీఎస్ఐ చొప్పున పెంచుకోవచ్చు.

తర్వాత ప్రతి రైడ్‌కి ఒక్కొక్క పీఎస్ఐ తగ్గిస్తూ చూడండి. రిమ్ము రాయికి తగిలి "టంగ్" మన్న రోజు రెండు పీఎస్ఐ పెంచి అక్కడే ఆగిపోండి. మీకు సరిపోయే అంకె అదే. కాగితం మీద రాసి పెట్టుకోండి. బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు, రెండు పీఎస్ఐ తేడా వేలికి తెలియదు. పెద్ద పంపుల మీదుండే గేజ్ ఇంత తక్కువ గాలిని సరిగా చూపించదు. చిన్న డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కోండి.

ఇక ముళ్ళ సంగతి. రేగు ముల్లు, తుమ్మ ముల్లు కంటికి కనిపిస్తాయి. అసలు శత్రువు పల్లేరు కాయ. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. కారు ఆపే చోట, గడ్డి అంచుల్లోనే ఎక్కువ దొరుకుతుంది. అందుకే సైకిల్‌ను గడ్డిలో తోసుకెళ్ళకుండా బాట దాకా ఎత్తుకెళ్ళండి. వీలైతే ట్యూబ్‌లెస్‌కి మారండి. మన ఎండలకి లోపలి సీలెంట్ (చిల్లుల్ని మూసే ద్రవం) మూడు నెలల్లో ఎండిపోవచ్చు. చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. రాకపోతే సీలెంట్ పోయించాల్సిందే.

3. బ్రేకు, షాక్, సీటు

బ్రేకు లివర్లు బిగించే తీరు చాలామందికి తప్పుగా ఉంటుంది. నాలుగు వేళ్ళతో పిండితే ఇక హ్యాండిల్ పట్టుకోవడానికి ఏమీ మిగలదు. డిస్క్ బ్రేకుకి చూపుడు వేలు ఒక్కటి చాలు. లివరును లోపలికి జరిపి, దాని చివర చూపుడు వేలికి అందేలా పెట్టండి. బ్రేకు ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరులోపుకి వచ్చిందంటే బయల్దేరే ముందే మార్చేయండి.

ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాక్) గాలితో పనిచేసేదైతే, మీరు సైకిల్ మీద నిలబడినప్పుడు అది తన మొత్తం కదలికలో ఐదో వంతు కిందికి దిగాలి. 120 మిల్లీమీటర్ల ఫోర్కు అయితే 24 మిల్లీమీటర్లు. ఫోర్కు గొట్టం మీదున్న రబ్బరు రింగును కిందికి జరిపి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి కొలవండి. స్నేహితుడు సైకిల్ పట్టుకుంటే ఐదు నిమిషాల పని.

సీటు ఎత్తు మీద టేపు ముక్క అంటించుకోండి. దిగుడు వచ్చినప్పుడు ఐదారు సెంటీమీటర్లు దింపడానికి, మళ్ళీ అదే ఎత్తుకి తేవడానికి అది గుర్తు. డ్రాపర్ సీటు (మీట నొక్కితే దిగి, మళ్ళీ లేచేది) ఉన్నవాళ్ళకి ఈ పని లేదు.

4. వెంట ఉండాల్సినవి

- హెల్మెట్. ఒకసారి గట్టిగా నేలకి కొట్టుకున్నది మళ్ళీ పెట్టుకోకూడదు, పైకి పగులు కనిపించకపోయినా సరే.
- నిండు వేళ్ళ గ్లౌజులు, మోకాలి ప్యాడ్లు, కళ్ళద్దాలు.
- రెండున్నర లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. గుట్ట మీద నీళ్ళు దొరుకుతాయని నమ్ముకోవద్దు.
- ఒక ట్యూబు (ట్యూబ్‌లెస్ అయినా సరే), ట్యూబ్‌లెస్ ప్లగ్గులు, ప్యాచ్‌లు, టైరు లివర్లు, చేతి పంపు.
- చైన్ టూల్, చైన్‌ను కలిపే క్విక్ లింకులు రెండు, అలెన్ కీల సెట్టు.
- మీ ఫ్రేముకి సరిపోయే డీరైలర్ హ్యాంగర్.
- గాజుగుడ్డ, బ్యాండేజీ, యాంటీసెప్టిక్, ఒక పెద్ద గుడ్డ (చెయ్యి కట్టుకోవడానికి).
- ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్, నిండా చార్జింగ్.

హ్యాంగర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వెనక గేరును ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. రాయి తగిలితే గేరు విరగకుండా ముందు అదే విరగాలని అలా తయారు చేస్తారు. నాకు ఒకసారి తారు రోడ్డుకి ఐదు కిలోమీటర్ల లోపల విరిగింది. కొన్న చోట అడిగితే "ఏ హ్యాంగరైనా పడుతుంది" అని ఇచ్చారు. తీరా అడవిలో బయటికి తీస్తే బోల్టు రంధ్రమే కలవలేదు. చైన్ తెంపి, పొట్టిగా చేసి, ఒకే గేరుతో బయటపడ్డాను. మీరు కొన్న హ్యాంగర్‌ను ఇంట్లోనే ఒకసారి పాతదాని మీద పెట్టి చూసుకోండి. చైన్ పొట్టి చేసే ఉపాయం వెనక షాక్ లేని సైకిల్‌కి బాగా పనిచేస్తుంది. వెనక షాక్ ఉన్నదానికి చైన్ ఎప్పుడూ బిగుసుకుపోతూ వదులవుతూ ఉంటుంది, నమ్మలేం.

5. లూప్‌ను ముక్కలు చేయండి

పది, పన్నెండు కిలోమీటర్ల లూప్‌ను (మొదలైన చోటికే తిరిగొచ్చే దారిని) ఒకేసారి తొక్కేద్దామనుకోవద్దు. మొదటి రోజు పని వేరు. సైకిల్ పక్కన పెట్టి, కష్టమైన చోట్లు నడిచి చూడాలి.

నడిచేటప్పుడు ప్రతి ముక్కకీ మూడు సంగతులు చూసుకోండి: ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది, మధ్యలో కాలు పెట్టాల్సి వస్తే ఎటువైపు పెట్టవచ్చు. ఎడమ పక్క లోయ ఉన్నచోట కుడివైపు ఒరిగి దిగడం అలవాటు చేసుకోవాలి. ఇది ముందే తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఏ దిక్కున తిరగాలనేది కూడా అప్పుడే తేల్చుకోండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా: నున్నటి దారి మీదుగా ఎక్కండి, రాళ్ళ దారి మీదుగా దిగండి. రాళ్ళ మీద ఎక్కడం నేర్చుకోవడానికి దిగడం కంటే ఎక్కువ కాలం పడుతుంది, కాళ్ళ శక్తి అంతా అక్కడే అయిపోతుంది. కానీ దిగుడులో మోకాలెత్తు మెట్లు ఉంటే మాత్రం దిక్కు మార్చేయండి.

ఒక్కో ముక్కను మూడుసార్లు చేయండి. నడుస్తూ ఒకసారి, సైకిల్ తోసుకుంటూ ఒకసారి, తొక్కుతూ ఒకసారి. రెండోది వదిలేయకండి. తోసుకెళ్ళేటప్పుడే చక్రం ఎక్కడ ఇరుక్కుంటుందో, పెడల్ ఎక్కడ రాయికి తగులుతుందో చేతికి తెలుస్తుంది.

6. నిలబడే తీరు

ఇంటి ముందు సమతలం మీద ఇది నేర్చుకోండి. రెండు పెడళ్ళూ నేలకి సమాంతరంగా, ఒకే ఎత్తులో ఉండాలి. సీటు మీంచి లేచి నిలబడండి. మోకాళ్ళు, మోచేతులు కొంచెం వంచండి. మోచేతులు బయటికి తెరుచుకుని ఉండాలి. మడమలు పెడల్ కంటే కొంచెం కిందికి దించండి. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, ఐదారు మీటర్ల ముందుకి ఉండాలి.

ఇప్పుడు పరీక్ష. అలా నిలబడి మెల్లగా వెళ్తూ ఒక్క క్షణం అరచేతులు హ్యాండిల్ మీద వదులు చేయండి, వేళ్ళు మాత్రం తీయకండి. మీరు ముందుకి పడబోతే బరువు చేతుల మీద ఉందన్నమాట. నడుము కొంచెం వెనక్కి జరపండి. వెనక్కి పడబోతే ముందుకి రండి. రెండూ కాకుండా నిలబడగలిగిన చోటే మీ స్థానం.

పది నిమిషాలకే అరచేతులు మండుతున్నాయంటే, ముంజేతులు బిగుసుకుపోతున్నాయంటే, బరువు మళ్ళీ చేతుల మీదికి వచ్చిందని అర్థం చేసుకోండి. గ్లౌజులు మార్చితే తగ్గదు.

7. రాళ్ళ మీద ఎక్కడం

గేరు ముందే దించుకోండి. ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైన్ తెగవచ్చు. అన్నిటికంటే తేలికైన గేరు కూడా వద్దు, చక్రం ఖాళీగా తిరిగిపోతుంది. దానికి ఒకటి రెండు గట్టివి పెట్టండి.

సీటు ముక్కు మీదికి జరగండి. ఛాతీని హ్యాండిల్ వైపు వంచండి. ముందు చక్రం లేస్తుంటే ఇంకా వంగండి, వెనక చక్రం జారుతుంటే ఒక అంగుళం వెనక్కి జరగండి. ఈ అంగుళాల లెక్క ప్రతి గుట్టకీ మారుతుంది.

రాళ్ళ మధ్య పెడల్ పూర్తిగా తిప్పితే కిందున్న పెడల్ రాయికి కొట్టుకుంటుంది. అలాంటి చోట అర చుట్టు తొక్కి, వెనక్కి తిప్పి, మళ్ళీ అర చుట్టు తొక్కండి. కత్తి నూరేవాడు చక్రం మీద కాలు ఆడించినట్టు ఉంటుంది. ఇంటి దగ్గర ఇటుకలు పేర్చి సాధన చేయవచ్చు.

ఆగిపోతే మళ్ళీ బయల్దేరడం ఇంకో కష్టం. సైకిల్‌ను దారికి అడ్డంగా కొంచెం తిప్పండి. రెండు బ్రేకులూ పట్టుకుని సీటు మీద కూర్చోండి. బలమైన కాలు ఉన్న పెడల్ గడియారంలో రెండు గంటల చోట ఉండాలి. బ్రేకు వదలడం, తొక్కడం ఒకేసారి జరగాలి. మూడుసార్లు ప్రయత్నించి కాకపోతే నాలుగోసారి వద్దు, పది మీటర్లు నడిచి సమతలంగా ఉన్నచోట ఎక్కండి.

8. రాళ్ళ వరస దాటడం

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు కాబట్టి ఒక చోటుని దగ్గరగా చూద్దాం.

బాటలో నాలుగు మీటర్ల మేర రాళ్ళు ఉన్నాయనుకోండి. ఎడమవైపు టేకాకులు నిండి చదునుగా కనిపిస్తోంది. కుడివైపు రెండు గుండ్ల మధ్య సందు ఉంది. నడుమ ఒక పలక బండ ఎడమకి వాలి ఉంది. కొత్తవాళ్ళు ఎడమకే వెళ్తారు, ఎందుకంటే అది మెత్తగా కనిపిస్తుంది. కర్రతో పొడిచి చూడండి, ఆకుల కింద జానెడు గుంట ఉంటుంది. ముందు చక్రం అందులో దిగితే మీరు హ్యాండిల్ మీదుగా ఎగిరిపోతారు. కుడివైపు సందులో చక్రం పడుతుంది కానీ హ్యాండిల్ పట్టదు, పెడల్ ఇరుక్కుంటుంది. మిగిలింది బండ. దాని పై అంచు మీద, వాలుకి ఎగువ పక్కగా చక్రం పెడితే అది జారినా బండ మధ్యలోకే వస్తుంది. భయపెట్టిన బండే ఇక్కడ అన్నిటికంటే నమ్మకమైన దారి.

లైన్ (చక్రం వెళ్ళాల్సిన దారి) ఎంచుకునేటప్పుడు ముందు బయటపడే చోటు చూడండి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ లోపలికి వచ్చే చోటు తేల్చుకోండి. వరస ఇలా ఉండాలి:

1. రాళ్ళకి ఐదారు మీటర్ల ముందే, మట్టి మీద ఉండగానే బ్రేకు వేసి వేగం సరిచేసుకోండి. వేగంగా నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు.
2. పెడళ్ళు సమంగా తెచ్చి లేచి నిలబడండి.
3. మొదటి రాయి తగిలే ముందు చేతుల్ని కొంచెం లోపలికి లాక్కుని ముందు చక్రాన్ని తేలిక చేయండి.
4. రాళ్ళ మీదికి వెళ్ళాక ముందు బ్రేకు ముట్టుకోకండి. వెనకది కూడా వీలైనంత వదిలేయండి. సైకిల్ మీ కింద అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి.
5. చూపు బయటపడే చోటు మీదే ఉంచండి. భయపెడుతున్న రాయిని చూస్తే చక్రం దాని మీదికే వెళ్తుంది.
6. చివరి రాయి దాటాక వెంటనే ఒక తొక్కు తొక్కండి. సైకిల్ నిటారుగా అవుతుంది.

9. దిగుడు, మెట్లు

ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది. భయంతో వెనకది మాత్రమే వాడితే చక్రం బిగుసుకుని జారుతుంది, బాట కూడా పాడవుతుంది. రెండూ కలిపి, మెల్లగా నొక్కి వదులుతూ వాడండి. మలుపు లోపల కాదు, మలుపుకు ముందు.

మెట్టు ఎత్తు ఎంతో తేల్చడానికి నమ్మకమైన పద్ధతి ఒకటి ఉంది. సైకిల్‌ను చేత్తో పట్టుకుని మెట్టు మీదుగా మెల్లగా దించండి. పెడళ్ళ దగ్గరున్న పళ్ళ చక్రం రాయికి తగిలితే ఆ మెట్టు తొక్కుతూ దిగేది కాదు. తగలకపోతే దిగవచ్చు. అప్పుడు ముందు చక్రం కిందికి దిగుతుంటే చేతులు చాచి దాన్ని దిగనివ్వండి, నడుము సీటు వెనక్కి జరపండి. మరీ వెనక్కి వెళ్తే ముందు చక్రం మీద పట్టు పోతుంది, తిప్పినా తిరగదు. హ్యాండిల్ దింపడం చేతులతో, కుదుపును తట్టుకోవడం మోకాళ్ళతో.

వేర్లు, తడి రాళ్ళు వస్తే ఒకటే నియమం: సైకిల్‌ను నిటారుగా ఉంచి, సూటిగా దాటండి. వాటి మీద ఉండగా బ్రేకు వేయకండి, మలుపు తిప్పకండి. వాగు దగ్గర ఆగి లోతు చూసుకోండి, నీళ్ళు మురికిగా ఉంటే దిగి తోసుకెళ్ళండి.

10. తరచూ జరిగే తప్పులు

*ప్రతి పది నిమిషాలకి పంక్చర్.* కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడలేదు. ముల్లు అక్కడే ఉంది. వట్టి వేళ్ళతో తడమకండి, గుచ్చుకుంటుంది.

*ట్యూబ్‌లెస్‌లో ముల్లు కనిపించగానే పీకేయడం.* గాలి పోకపోతే ఇంటి దాకా అలాగే ఉంచండి. పీకాల్సి వస్తే ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఉంచండి, సీలెంట్ అక్కడికి చేరుతుంది.

*స్నేహితుడి వెనకే దగ్గరగా వెళ్ళడం.* అతని చక్రం తప్ప రాళ్ళు కనిపించవు. కనీసం రెండు సైకిళ్ళ పొడవు వదలండి, దిగుడులో ఇంకా ఎక్కువ.

*చివరి రెండు కిలోమీటర్లలో పడటం.* కాళ్ళు అలిసిపోయి సీటు మీద కూర్చునే రాళ్ళ మీదికి వెళ్తారు. గంట గంటకీ పది నిమిషాలు ఆగండి, ఏదైనా తినండి. కర్జూరాలు, పల్లీ చిక్కీ చాలు. గుడి దగ్గర మాత్రం తినేవి బయటికి తీయకండి, కోతులు సంచీతో సహా లాక్కెళ్తాయి.

11. దెబ్బ తగిలితే

పడినవాళ్ళని వెంటనే లేపకండి. మెడ నొప్పి, చేతులు కాళ్ళు తిమ్మిరి ఉన్నాయేమో అడగండి. ఉంటే కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. తల కొట్టుకుని వాంతి వస్తున్నా, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా ఆ రోజుకి సైకిల్ ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎండుటాకుల్లో రక్తపింజర కనిపించదు. విశ్రాంతికి కూర్చునే ముందు కర్రతో ఆకులు కదపండి, రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి. కాటు పడితే గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా చూసి, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చండి. నడిపించకండి, మోసుకుని రోడ్డుకి తీసుకురండి.

12. ఇంటికి వచ్చాక

ఎర్రమట్టి ఆరకముందే చైన్ తుడవండి, తర్వాత నూనె వేయండి. నీళ్ళ పైపును ఇరుసుల మీదికి నేరుగా కొట్టకండి. టైరు పక్క గోడల్ని చుట్టూ తిప్పి చూడండి, రాళ్ళ కోతలు ఎక్కువగా అక్కడే పడతాయి. రిమ్ము అంచు మీద వేలితో నిమిరితే కొత్త సొట్ట ఉంటే తెలుస్తుంది. ఉంటే వచ్చేసారికి గాలి రెండు పీఎస్ఐ పెంచాలి.

ఆ రోజు కాలు కింద పెట్టిన చోట్లు గుర్తున్నంత వరకు రాసుకోండి. ఏ రాయి, ఏ గేరు, ఎక్కడ చూస్తున్నారు. వచ్చే ఆదివారం నేరుగా ఆ ముక్క దగ్గరికే నడిచి వెళ్ళండి.